ఫార్మాట్ చెయ్యమంటారా?

తొమ్మిదేళ్ళుగా ఒక మాటని మింగలేక కక్కలేక మోస్తున్నాను. ఇప్పుడు మీకు చెబుతున్నాను కదా అని నన్ను ఓదార్చడానికి రాకండి. మీ జాలి నాకక్కర్లేదు. వినండి, చాలు.

నర్సీపట్నంలో ఒక బడిలో కంప్యూటర్లు చూసుకునేవాణ్ణి. కాంట్రాక్టు ఉద్యోగం. పన్నెండు కంప్యూటర్లు, అన్నీ లినక్స్, తెరమీద అక్షరాలన్నీ తెలుగులో. వాటి గుట్టు నాకొక్కడికే తెలుసు. మిగతా టీచర్లు ఏ చిన్న పనికైనా నన్నే పిలవాలి. ఆ పిలుపు కోసమే బతికేవాణ్ణేమో.

అప్పుడు నూకరత్నం మేడం వచ్చింది. లెక్కల టీచరు, కొయ్యూరు కొండల వైపు నుంచి బదిలీ మీద. ఆవిడంటే నాకు మొదటి వారం నుంచే ఒళ్ళుమంట. ఏం చేసిందని? ఏమీ చెయ్యలేదు. రెండేళ్ళపాటు బడి అయ్యాక ఆర్టీసీ బస్సుల కాంప్లెక్సు పక్క నెట్ సెంటర్లో కూర్చుని, ఒక్కో వేలితో కొట్టుకుంటూ, కొండ పిల్లలకి లెక్కల పాఠాలు తయారుచేసింది. సంతలో చింతపండు తూకం, విస్తళ్ళు కుట్టే అడ్డాకుల కట్టలు, వాటితోనే కూడికలు, భిన్నాలు. అన్నీ ఒక్క ఎర్ర పెన్ డ్రైవ్‌లో ఉండేవి. మరో కాపీ లేదని ఆవిడే చెప్పింది, నన్ను నమ్మి. అధికారులు వచ్చి చూస్తారట, నచ్చితే కొండ ఊళ్ళ బడులన్నిటికీ పంపుతారట. నా గదిలో, నా కంప్యూటర్ మీద, ఆవిడకి చప్పట్లా?

వాళ్ళు రావడానికి ముందురోజే ఒక తాళం వేశాను. నా పాస్‌వర్డ్ కొడితే తప్ప బయటి పెన్ డ్రైవ్ ఏదీ తెరుచుకోదు. వైరస్‌లు రాకుండా అని హెడ్మాస్టరుకి చెప్పాను. లినక్స్‌కి అంత వైరస్ భయం ఏమిటని అడిగే తెలివి ఆయనకి లేదు.

అధికారులు ఆఫీసు గదిలో టీ తాగుతున్నారు. ఆవిడ పెన్ డ్రైవ్ పెట్టింది. దాని లైటు వెలిగింది. తెరమీద మాత్రం 'అనుమతి లేదు' అని వచ్చింది. తీసి ఇంకోచోట గుచ్చింది. పక్క కంప్యూటర్‌కి గుచ్చింది. అదే మాట.

"ఇదేటండి మాస్టారూ, అనుమతి లేదంటాది? ఎవరి అనుమతండీ?"

"సిస్టంది, మేడం."

"మరేటి సెయ్యాలండి? బేగి సూడండి, ఆళ్ళొచ్చెస్తారు."

ఎనిమిది అక్షరాల పాస్‌వర్డ్. కొడితే అయిపోయేది. వేళ్ళ దాకా వచ్చింది కూడా.

"ఫార్మాట్ చెయ్యమంటారా?" అన్నాను.

"సేసీండి మాస్టారూ. ఆఫీసరుగారికి ఫార్మాట్‌లో ఉంటేనే కదండీ నచ్చుతాది."

మీకు అర్థమైందా? మా బడుల్లో ఫార్మాట్ అంటే పై ఆఫీసు నుంచి వచ్చే గళ్ళ కాగితం. హాజరుకొకటి, మధ్యాహ్న భోజనానికొకటి. తన పాఠాల్ని ఆ గళ్ళలో సర్దిపెడతాననుకుంది ఆవిడ. నేనన్నది మొత్తం తుడిచెయ్యడం. ఆవిడ ఏమనుకుందో ఆ క్షణంలోనే నాకు తెలిసింది. తెలిసే నొక్కాను. తుడిచాక, వెటకారంగా, బడి ఖాళీ ఫార్మాట్లు నాలుగు అందులో పడేశాను.

అధికారులు వచ్చారు. తెరమీద ఖాళీ గళ్ళు. "ఇవేనా మీ పాఠాలు?" అని ఒకాయన నవ్వాడు. ఆవిడ నావైపు చూడనైనా చూడలేదు. "నాదే తప్పండి, మాస్టారికి సరిగ్గా సెప్పలేదు," అంది.

సాయంత్రం పెన్ డ్రైవ్ నా చేతిలో పెట్టి, పాఠాలు మళ్ళీ వస్తాయేమో చూడమంది. తుడిచినవాటిని రాబట్టే దారి నాకు తెలుసు. రెండు రోజులు దాన్ని జేబులో వేసుకు తిరిగాను. ఒక్కసారి కూడా కంప్యూటర్‌కి పెట్టలేదు. మూడో రోజు, "రాలేదు మేడం" అని తిరిగిచ్చేశాను.

అడిగాను కదా, ఆవిడే సరేనంది కదా, అడగకుండా తుడిస్తే నేరం గానీ అడిగి తుడిస్తే నేరమెలా అవుతుందని ఇన్నేళ్ళూ నాకు నేనే ప్లీడరునై వాదించుకున్నాను. ఆ రెండు రోజుల జేబు దగ్గరికొచ్చేసరికి వాదన ఆగిపోయేది. ఎవరి కోసం దాచాను? ఆవిడ మీద కోపం అప్పటికే తీరిపోయింది కదా? నేను నీచుణ్ణి, అంతే.

పోయిన నెల కాంప్లెక్సులో కనిపించింది. మళ్ళీ కొండమీదికే బదిలీ చేయించుకుందట. పక్కనున్న టీచరుకి నన్ను చూపించి, "నా పాఠాల కోసం రెండ్రోజులు కష్టపడ్డారీ మాస్టారు," అంది. ఒళ్ళు మండిపోయింది. ఈ మంచితనం ఎవడిక్కావాలి? తిట్టొచ్చుగా! ఆ పాఠాలు మళ్ళీ రాశారా అని అడగబోయాను. బస్సెన్నింటికని అడిగాను. కొయ్యూరు బస్సు వచ్చింది, ఎక్కి వెళ్ళిపోయింది.

క్షమించమని ఆవిడని అడగను. ఆవిడ క్షమించేస్తుంది, అది నేను భరించలేను. కానీ ఆ రోజు ఆవిడ అడిగినదానికి తప్పు చెప్పాను. అదొక్కటీ ఇక్కడ దిద్దుకుంటున్నాను.

ఎవరి అనుమతండీ అన్నారు. సిస్టంది కాదు, మేడం. నాది.