పదిహేడు మిల్లీమీటర్ల మనుషులు

ఆ ఆఫీసులో ఆయన్ని అసలు పేరుతో పిలిచేవాళ్ళు ఎవరూ మిగల్లేదు. అందరికీ ఆయన బుల్లి మేస్త్రి. ముప్పై దేశాల్లో శాఖలున్న ఆర్కిటెక్టుల కంపెనీ అది. ఆసుపత్రులు, విమానాశ్రయాలు, స్టేడియాలు, ఏది కట్టాలన్నా ముందు అక్కడ గీస్తారు. గీసింది కట్టించుకునేవాళ్ళకు అర్థం కావాలంటే అట్టతో, చెక్కతో చిన్నగా కట్టి చూపించాలి. అలా ఇరవయ్యారేళ్ళుగా కడుతున్నది మన మేస్త్రి. నలభై అంతస్తుల మేడను చంకలో పెట్టుకుని లిఫ్టెక్కిన ఘనత ఆ చుట్టుపక్కల మరొకరికి లేదు.

చేతిలో స్టీలు స్కేలు, కట్టర్ బ్లేడు ఉంటే ఆయనకు లోకంతో పేచీ లేదు. పేచీ అంతా ఒక్క మనిషితో. ఆ మనిషి సొంత బావమరిది. బావమరిది బతకకోరు, దాయాది చావకోరు అన్నారు పెద్దలు. బావమరిది బాగు బావ కూడా కోరాలని వాళ్ళెక్కడా అనలేదు, గమనించండి.

ఆ బావమరిదికి బ్లేడు పట్టడం నేర్పింది ఈయనే. కాలేజీలో చదివే రోజుల్లో సెలవులకు అక్క ఇంటికొచ్చి, పొద్దుపోక బావ వెంట ఆఫీసుకొచ్చి, మోడల్ రూములో కూర్చునేవాడు. "నొక్కకురా, నడిపించు. ఒక్క దెబ్బకి తెగకపోతే మూడుసార్లు నడిపించు" అని చెప్పి, బొటనవేలు తెగితే కట్టు కూడా కట్టాడు. ఆ కుర్రాడే ఆర్కిటెక్చర్ చదివి, అదే కంపెనీలో చేరి, ఎనిమిదేళ్ళలో మూడంతస్తులు పైకెక్కి, కిటికీ పక్క బల్ల సంపాదించాడు. ఏకు మేకై కూర్చుందంటే ఇదే. మేస్త్రి గది మాత్రం ఇరవయ్యారేళ్ళుగా కిందే ఉంది, జనరేటర్ పక్కన.

పోనీ ఇంటికెళ్తే ఊరటా అంటే, అక్కడ ఇంకా ఘోరం. భార్య నోట 'మా తమ్ముడు' అన్న మాట లేకుండా పూట గడవదు. మా తమ్ముడు సింగపూర్ ఆఫీసు వాళ్ళతో మాట్లాడాడట. మా తమ్ముడి ఫోటో కంపెనీ పత్రికలో వేశారట. ఆమె మంచి మనిషే. కానీ భర్త చేసే పనిని ఒక్కసారీ వచ్చి చూడలేదు. ఓరోజు పక్కింటావిడ "మీవారు ఏం చేస్తారు?" అని అడిగితే, "మా తమ్ముడి ఆఫీసులోనే ఏదో అట్టల పని" అంది. గుమ్మం దగ్గర బూట్లు తొడుక్కుంటున్న మేస్త్రి ఆ మాట విన్నాడు. ముందు చేరింది తను. తమ్ముడి ఆఫీసెప్పుడైంది అది? ఆ రోజంతా ఆయన కోసిన అట్టలన్నీ వంకరగానే వచ్చాయి.

ఆఫీసు ముందు హాల్లో ఒక అద్దాల పెట్టె ఉంది. గెలిచిన ప్రాజెక్టు మోడల్ని అందులో పెడతారు. కింద ఇత్తడి పలక మీద గీసినవాళ్ళ పేర్లు చెక్కిస్తారు. పెట్టెలోని ప్రతి ఇటుకా మేస్త్రి చేతిదే. పలక మీద ఆయన పేరు ఒక్క అక్షరం లేదు. ఆయన అడగలేదు, వాళ్ళకు తట్టలేదు.

ఇలా ఉండగా నగర గ్రంథాలయం పోటీ వచ్చింది. చివరికి మూడు కంపెనీలు మిగిలాయి. మూడు మోడళ్ళనీ ఒకే కొలతలో, అసలు భవనానికి నూరోవంతుగా కట్టి, ఒకే బల్ల మీద పెట్టాలి. కమిటీ చూసి ఆ రోజే తేలుస్తుంది. మన కంపెనీ తరఫున గీసింది బావమరిది. గెలిస్తే వాడు పార్టనర్, అందరికన్నా చిన్న వయసులో. ఓడితే మళ్ళీ ఎవరో గీసిన భవనాలకు మెట్లూ మరుగుదొడ్లూ గీసుకుంటూ మరో ఐదేళ్ళు. ఈ సంగతి ఆఫీసులో కాఫీ మెషీను దగ్గర నిలబడే ప్రతివాళ్ళకీ తెలుసు.

ఆరు వారాలు కట్టాడు మేస్త్రి. కడుతున్నకొద్దీ కడుపు మండింది. ఎందుకంటే అది బాగుంది. బాగోలేనిదాన్ని చూసి ఎవరూ కుళ్ళుకోరు కదా. మధ్యలో పెద్ద చదువుల హాలు, పదకొండు మీటర్ల ఎత్తు, పై నుంచి మెత్తగా జారే వెలుతురు. ఆ కప్పును అమరుస్తూ ఆయనే రెండుసార్లు ఎత్తి లోపలికి చూశాడు. వీడికెలా తట్టింది ఇది? నా గదిలో ముక్కు తుడుచుకుంటూ కూర్చున్నవాడికి?

పోటీకి రెండ్రోజుల ముందు, అన్నం వడ్డిస్తూ భార్య అంది. "ఏవండీ, తమ్ముడు పార్టనర్ అయితే మీ గురించి పైవాళ్ళతో ఒక మాట చెబుతాడట. ఆ జనరేటర్ పక్క నుంచి తీసి ఎక్కడైనా కాస్త మంచి చోట వేయిస్తాడట."

"వాడన్నాడా?"

"వాడే అన్నాడు. ఎంత మంచివాడో!"

మేస్త్రి ముద్ద మింగలేదు, కక్కలేదు. కంచం ముందు నుంచి లేచి చెయ్యి కడుక్కున్నాడు. ఎవరి మాటసాయం లేకుండా ఉద్యోగం సంపాదించుకున్నవాడు తను. ఇప్పుడు తనని వీడు వేయిస్తాడా?

మోడల్ రూములో ఒక పద్ధతుంది. గోడలూ కప్పులూ అన్నీ అయ్యాక, చిట్టచివర మనుషుల్ని దించుతారు. తెల్ల అట్టలో కోసిన బుల్లి మనుషులు. ఆ పని మేస్త్రి ఒక్కడే, తలుపేసుకుని చేస్తాడు. ఎంత పెద్ద ఆర్కిటెక్టయినా బయటే నిలబడి "మనుషులు దిగారా?" అని అడగాల్సిందే. చెయ్యి వణికితే గోడ మీద జిగురు పడుతుంది, అందుకూ ఆ పద్ధతి. నూరోవంతు మోడల్లో మనిషి పదిహేడు మిల్లీమీటర్లు ఉండాలి. చూసేవాడి కన్ను స్కేలు పట్టుకు కొలవదు. మనిషిని చూసి భవనాన్ని కొలుస్తుంది. మనిషిని చిన్నగా పెడితే గది కొండంత అవుతుంది. పెద్దగా పెడితే కుంగిపోతుంది. ఈ రహస్యం మేస్త్రికి తెలిసినంతగా ఆ కంపెనీలో మరెవరికీ తెలియదు.

ఆ మధ్యాహ్నం తలుపు గడియ పెట్టి, బీరువాలోంచి పదిహేడు డబ్బా తీశాడు. తీసి, కాసేపు చూసి, లోపల పెట్టేశాడు. ఇరవై రెండు డబ్బా తీశాడు. అవి వేరే మోడల్ కోసం కోసినవి. వాటికి తగిన బల్లలూ కుర్చీలూ కూడా అందులోనే ఉన్నాయి, కాబట్టి పట్టిచ్చేది ఏమీ ఉండదు. పట్టకారుతో ఒక్కొక్కరినే హాల్లో దించాడు. ముప్పై నలుగురు. దించిన ప్రతి మనిషితోనూ ఆ పదకొండు మీటర్ల వైభవం కొంచెం కొంచెం తగ్గి, ఎనిమిదిన్నర దగ్గర ఆగింది. చెయ్యి వణకలేదు. ఓడిపోరా, ఒక్కసారి ఓడి చూడు, అనుకున్నాడు. అనుకున్నందుకు సిగ్గుపడలేదు కూడా. చాలా ఏళ్ళ తర్వాత ఆయనకు పనిలో సుఖం తోచింది.

పోటీ రోజు మోడల్ని మోసుకెళ్ళి బల్ల మీద పెట్టి, కప్పు ఎత్తి చూపించే పని కూడా మేస్త్రిదే. మిగతా రెండు మోడళ్ళలోనూ హాళ్ళు ఆకాశాన్నంటుతున్నాయి. వాటి పక్కన మనది నిజంగానే పొట్టిగా కనిపించింది. కప్పు ఎత్తగానే బావమరిది లోపలికి చూశాడు. వాడి మొహం పాలిపోయింది. మేస్త్రి చూపు తిప్పుకున్నాడు.

కమిటీ పెద్ద ఒక ముసలావిడ. నలభై ఏళ్ళు గ్రంథాలయంలో పనిచేసిన మనిషి. మొదటి రెండు మోడళ్ళనీ నిలబడే చూసింది. మూడోదాని దగ్గర వంగి, గడ్డం బల్లకి ఆన్చి, లోపలికి తొంగిచూసింది. చాలాసేపు లేవలేదు.

"ఆ రెండూ రైల్వే స్టేషన్లలా ఉన్నాయి. అక్కడ నేను పుస్తకం తెరిస్తే ఎవరో అరిచి రైలొచ్చిందంటారేమో అనిపిస్తుంది. ఇక్కడ మాత్రం కూర్చోబుద్ధేస్తోంది. పెద్దగానూ ఉంది, మీద పడకుండానూ ఉంది. ఎవరు బాబూ గీసింది?" అంది.

బావమరిది చెయ్యెత్తాడు. చప్పట్లు మోగాయి. మేస్త్రి చేతిలో ఆ కప్పు అలాగే ఉండిపోయింది. చెయ్యి గుంజుతున్నా దించాలని తోచలేదు. తాను తీసిన గోతిలో తానే పడ్డవాళ్ళని చూశాం. తాను తీసిన గోతిలోంచి పక్కవాడికి లంకెబిందెలు దొరకడం మాత్రం ఆయనొక్కడికే జరిగింది.

మర్నాడు ఆఫీసంతా ముందు హాల్లో చేరింది. కంపెనీ పెద్దాయన బావమరిదిని పార్టనర్‌గా ప్రకటించాడు. వాడు మైకు ముందుకొచ్చాడు.

"నేను గీసింది పదకొండు మీటర్లు. ఆవిడకి నచ్చింది ఎనిమిదిన్నర. ఆ ఎత్తు నేను కనిపెట్టింది కాదు, మా బావ చూపించాడు. మనుషుల్ని పెంచి, హాలు ఎంత ఎక్కువైందో చెప్పకుండా చెప్పాడు. రేపు కట్టేది కూడా ఎనిమిదిన్నరే" అన్నాడు.

అందరూ ఒక్కసారి మేస్త్రి వైపు తిరిగారు. తేలు కుట్టిన దొంగకి అరవడానికి ఉండదు. ఈయనకి నవ్వక తప్పలేదు. "మేస్త్రిగారూ, ఇన్నేళ్ళూ మాకు తెలియనే లేదు!" అంటూ పెద్దాయన భుజం తట్టాడు. వారంలో ఇత్తడి పలక వచ్చింది. బావమరిది పేరు పక్కనే, అదే సైజులో, బుల్లి మేస్త్రి అసలు పేరు.

ఆ పలక చూడటానికి భార్య మొదటిసారి ఆఫీసుకొచ్చింది. అద్దం ముందు వంగి హాల్లోకి చూసింది. బల్లలు చూసింది, దీపాలు చూసింది, అగ్గిపుల్లంత మెట్ల కమ్మీలు చూసింది.

"ఇవన్నీ మీ చేత్తో చేసినవేనా?"

"మరి?"

"ఇన్నాళ్ళూ చెప్పరేమండీ?"

"ఎప్పుడడిగావు?"

ఆమె కళ్ళు తుడుచుకుని అక్కడే నిలబడి పక్కింటావిడకి ఫోన్ చేసింది. మా ఆయన చేశారు, మా ఆయన పేరు కూడా వేశారు, అని చెబుతూనే ఉంది. ఎన్నేళ్ళుగానో వినాలనుకున్న మాట. వింటున్నంతసేపూ మేస్త్రికి ఒళ్ళంతా చీమలు పాకినట్టుంది. భార్యని ఆటో ఎక్కించి, తిన్నగా తన గదికి నడిచాడు.

బావమరిది అక్కడే ఉన్నాడు. తగ్గించిన హాలుకి కొత్త మోడల్ కావాలి. పాతరోజుల్లోలా స్టూలు లాక్కుని, తనే అట్ట కోస్తున్నాడు. మేస్త్రి తలుపేశాడు.

"ఒరేయ్. నేను నీకేం చూపించలేదు. నువ్వు ఓడిపోవాలని పెట్టాను."

"తెలుసు బావా." వాడు తల ఎత్తలేదు.

"ఎప్పట్నుంచి?"

"నువ్వు కప్పు ఎత్తినప్పట్నుంచి. అర మిల్లీమీటరు తేడా వస్తే మోడల్ మొత్తం పీకి మళ్ళీ కట్టేవాడివి. ఐదు మిల్లీమీటర్లు తప్పుతావా? అక్కడే నీ గొంతు పట్టుకుందామనుకున్నా. ఈలోగా ఆవిడ వంగింది."

"మరి అందరి ముందూ అలా ఎందుకు చెప్పావు?"

"ఉన్నదున్నట్టు చెబితే నీ ఉద్యోగం పోతుంది. అక్కకి నువ్వూ ఉండవు, నేనూ ఉండను. అక్కకి మాత్రం ఎప్పుడూ చెప్పకు."

కొట్టినా బాగుండేది, తిట్టినా బాగుండేది. రెండూ చెయ్యకుండా అట్ట కోసుకుంటున్నాడు. వీడి స్థానంలో తనుంటే ఆ మైకు ముందు ఏం చెప్పేవాడు? మేస్త్రికి ఆ జవాబు వెంటనే తెలిసిపోయింది: ఉన్నదంతా చెప్పి, ఎదుటివాణ్ణి వీధిలో నిలబెట్టేవాడు. అది తెలిశాక, ఇన్నేళ్ళూ వాడి కిటికీ మీదా కుర్చీ మీదా పడ్డ కుళ్ళు చాలా చిన్నదనిపించింది.

"ఏంటలా చూస్తున్నావు?" అన్నాడు బావమరిది.

"ఏం లేదురా. నీ మీద కుళ్ళు. మొదట్నుంచీ ఉంది. ఇప్పుడింకా ఎక్కువైంది."

బావమరిది బ్లేడు కింద పెట్టాడు. వాడి కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"నాకు లేదనుకున్నావా? రెండేళ్ళు గీశాను బావా ఆ హాలు. తిండి మానేసి గీశాను. అందులో ఆవిడకి నచ్చింది ఒకే ఒక్కటి. అది నీ కుళ్ళు. ఇప్పుడెవరు ఎవర్ని చూసి ఏడవాలో నువ్వే చెప్పు."

మేస్త్రి బీరువా తెరిచి, పదిహేడు డబ్బా తీసి, ఇద్దరి మధ్యా బల్ల మీద పెట్టాడు.