చెంచాడు తేనె

తాళాల తాతకు నూట నాలుగేళ్ళు నిండిన రోజున పత్రిక విలేకరి ఒకడు ఇంటికి వచ్చి, ఇన్నేళ్ళు బతకడానికి రహస్యం ఏమిటని అడిగాడు. ఆ ప్రశ్న కోసమే ఇన్నాళ్ళూ కాచుకుని ఉన్నట్టు తాత మీసం సవరించుకున్నాడు.

"రోజూ పొద్దున్నే చెంచాడు తేనె. జన్మలో మాత్ర మింగి ఎరగను. రాసుకో బాబూ, ఒక్కటంటే ఒక్కటి కూడా."

టీ గ్లాసులతో గుమ్మం దగ్గర నిలబడ్డ కోడలు నవ్వు ఆపుకోలేక లోపలికి వెళ్ళిపోయింది. ఆ తేనెలో ముప్పై ఒక్క ఏళ్ళుగా రక్తపోటు మాత్ర నూరి కలుపుతున్నది ఆమే.

ఆమెను వీధిలో అందరూ మందులక్క అంటారు. పెళ్ళయిన ఏడాదికే మందుల కొట్టులో చేరి, అరవై నిండేదాకా ఆ బల్ల వెనకే నిలబడింది. డాక్టర్ల కోడిగీతలు చదవడంలో ఆమె తర్వాతే ఎవరైనా. వీధిలో ఎవరి ఒంట్లో ఏ జబ్బు ఉందో ఆమెకు తెలుసు, కానీ ఆ నోట్లోంచి ఒక్క ముక్క బయటికి పొక్కేది కాదు. అలాంటి మనిషికి ఇంట్లో ఒక గుట్టు దాచడం ఏపాటి పని!

మామగారిది తాళాలు బాగుచేసే కొట్టు. డెబ్భై మూడో ఏట ఒకరోజు చేతిలో ఆకురాయి చేతిలో ఉండగానే కొట్టులో బోర్లా పడ్డాడు. డాక్టరు చూసి, రక్తపోటు బాగా పెరిగిపోయింది, బతికినన్నాళ్ళూ మాత్ర వేసుకోవాలి అన్నాడు. తాత ఆ మాత్రల అట్టను తీసుకెళ్ళి మురిక్కాలవలో పారేశాడు. అంతకు రెండేళ్ళ ముందు అత్తగారు ఆసుపత్రి మంచం మీద గుప్పెళ్ళకొద్దీ మాత్రలు మింగుతూ మింగుతూనే కన్నుమూసింది. ఆ రోజే ఆయన మాత్ర ముట్టనని ఒట్టు పెట్టుకున్నాడు. రక్తపోటు చూసే పట్టీ కట్టించుకోమంటే దర్జాగా చెయ్యి చాపుతాడు గానీ, మాత్ర పేరెత్తితే ఇక మనిషి కాడు.

డాక్టరూ, భర్తా, ఆమే కూర్చుని ఆలోచించారు. తేనెలో నూరి కలపడానికి పనికొచ్చే మాత్రను డాక్టరు ఎంచి ఇచ్చాడు. చిన్న ఇత్తడి కల్వం ఆమె కొనుక్కొచ్చింది. మర్నాటి నుంచి తెల్లవారేసరికి వంటింట్లో టక్ టక్ మని చప్పుడు.

"ఏంటమ్మాయ్ ఆ చప్పుడు?"

"యాలకులు మామయ్యా. తేనెలో వేస్తే ఒంటికి మంచిది."

"మరి చేదుగా ఉందేం?"

"అడవి తేనె కదా మామయ్యా. అలాగే ఉంటుంది."

ఆ రోజు మొదలు ఒక్క పూట తప్పలేదు. తొమ్మిదేళ్ళ కిందట భర్త పోయి, శవం ముందుగదిలో ఉన్న పొద్దున కూడా ఆమె కళ్ళు తుడుచుకుని ముందు కల్వం దగ్గరికే వెళ్ళింది.

తాత మాటలు పత్రికలో పడ్డాక వారం తిరక్కుండా వీధి చివరి కొట్లో తేనె సీసాలు నిండుకున్నాయి. ఆమె తమ్ముడు, నిరుడే బస్సు డ్రైవరు ఉద్యోగం నుంచి దిగినవాడు, తనూ ఒక సీసా తెచ్చి చూపించాడు.

"నేనూ మొదలెట్టానక్కా."

"మొదలెట్టు, తీపంటే నీకు చిన్నప్పట్నుంచీ ప్రాణమేగా" అని ఆటపట్టించి పంపేసింది. అతనికీ రక్తపోటే, అయినా మాత్రలు సరిగ్గా వేసుకుంటున్నావా అని అడగలేదు. మందుల కొట్టుకు వచ్చిన ప్రతివాణ్ణీ ఆ మాట అడిగిన మనిషి, తోడబుట్టినవాణ్ణి అడగలేదు.

నలభై రోజుల తర్వాత ఒక పొద్దున ఆమె స్టవ్ ముట్టించకముందే ఫోన్ మోగింది. అవతల మరదలు.

"వదినా, ఆయన మూతి ఒక పక్కకి లాగేసింది. కుడి చెయ్యి లేవట్లేదు. ఆసుపత్రికి తీసుకెళ్తున్నాం."

ఆమె పరుగున వెళ్ళేసరికి డాక్టరు మరదల్ని అడుగుతున్నాడు, ఏ మాత్రలు వాడుతున్నాడని. మరదలు తలెత్తలేదు.

"మానేశాడండీ. ఆ పేపరు వచ్చిన రోజు నుంచి. నూట నాలుగేళ్ళ పెద్దాయన మింగనిది నాకెందుకే అన్నాడు."

మందులక్క నెత్తిన పిడుగు పడ్డట్టయింది. పక్కనున్న గోడ పట్టుకుంది. ఆ రోజు గుమ్మం దగ్గర తనకు నవ్వు వచ్చింది. వీధంతా తేనె కొంటుంటే కూడా నవ్వే వచ్చింది.

ఇంటికి తిరిగి వచ్చేసరికి పది దాటింది. తాత వీధరుగు మీద హుషారుగా కూర్చుని ఉన్నాడు.

"నువ్వు లేవని నేనే చెంచాడు వేసుకున్నా. ఇవాళ చేదే లేదమ్మాయ్, భలేగా ఉంది! ఇదిగో, ఈ సీసా మీ తమ్ముడికి పట్టుకెళ్ళు. మాత్రలూ గీత్రలూ వద్దని నేను చెప్పానని చెప్పు."

ఆమె లోపలికి వెళ్ళి కల్వం తెచ్చి ఆయన ముందు పెట్టింది.

"మామయ్యా, ఇందులో నూరింది యాలకులు కాదు. మాత్ర. ముప్పై ఒక్క ఏళ్ళుగా."

తాత మొదట నవ్వాడు. తర్వాత కల్వం అడుగున అంటుకున్న పొడిని వేలితో తీసి నాలుక మీద పెట్టుకున్నాడు. తెలిసిన చేదే.

"రోజూనా?"

"రోజూ."

"మావాడికి తెలుసా?"

"తెలుసు."

"అంటే దొంగతాళం చెవితో రోజూ నా నోరు తెరిచారన్నమాట, ఇద్దరూ కలిసి." ఆయన కల్వాన్ని దూరంగా నెట్టేశాడు. "ఇన్నేళ్ళు బతకడంలో నాదంటూ ఏం లేదా అమ్మాయ్?"

తాత లేచి లోపలికి వెళ్ళి తలుపు వేసుకున్నాడు.

రెండు రోజులు తాత ఆమె చేతి మెతుకు ముట్టలేదు. పొరుగింటివాళ్ళు ఇచ్చిన రొట్టె తిని నీళ్ళు తాగాడు. డాక్టరు వచ్చి పట్టీ కట్టి చూసి, ఆమెను పక్కకి పిలిచి, ఇలాగే ఉంటే మీ తమ్ముడి పక్క మంచమే అన్నాడు. తాను నిజం చెప్పి ఆయన్ని చంపుతోందా? ముప్పై ఏళ్ళు అబద్ధంతో నిలబెట్టిన ప్రాణం కదా అది!

మూడో రోజు పొద్దున తాత చేతికర్ర పట్టుకుని గుమ్మంలోకి వచ్చాడు. "నన్ను మీ తమ్ముడి దగ్గరికి తీసుకెళ్ళు" అన్నాడు.

ఆసుపత్రి గది వాకిట్లో అడుగు పెట్టబోతూ ఆయన ఠక్కున ఆగిపోయాడు. లోపల టక్ టక్ మని చప్పుడు. తమ్ముడికి ఇంకా మింగుడు పడటం లేదని నర్సు మాత్ర నూరుతోంది. ముప్పై ఒక్క ఏళ్ళు తెల్లవారుతూ విన్న చప్పుడది.

నర్సు చెంచా నోటి దగ్గర పెట్టింది. తమ్ముడు ముఖం తిప్పేసుకున్నాడు. తాతను చూసి ఎడమ చేత్తో చూపించాడు.

"ఈయ... మింగ... లే..."

తాత కోడలి వైపు చెయ్యి చాపాడు.

"నాది ఇవ్వు. నూరకు."

ఆమె సంచీలోంచి మాత్ర తీసి ఇచ్చింది. ఆయన నాలుక మీద వేసుకుని నీళ్ళు తాగాడు. నీళ్ళు లోపలికి వెళ్ళాయి, మాత్ర నాలుక మీదే ఉంది. మళ్ళీ తాగాడు, పొలమారింది, మాత్ర దుప్పటి మీద పడింది. నూట నాలుగేళ్ళ మనిషికి మాత్ర మింగడం రాదు! తమ్ముడి సగం మూతి నవ్వింది.

"గడ్డం... కింది... కి..." అన్నాడు, నర్సు తనకు నేర్పిన పాఠం అప్పజెబుతూ.

ఇంకో మాత్ర తీసుకుని తాత గడ్డం దించి గుటక వేశాడు. ఈసారి దిగింది. నోరు బార్లా తెరిచి చూపించాడు.

"చూశావుగా. నువ్వు మానిన రోజు నేనూ మానతా. ఈ ముసలి ప్రాణం తీసిన పాపం నీ నెత్తినే!"

తమ్ముడు కళ్ళు తుడుచుకుని నోరు తెరిచాడు.

మర్నాడు తెల్లవారేసరికి అలవాటు కొద్దీ ఆమె చెయ్యి కల్వం మీదికి పోయి, ఇక దాంతో పనేముందని వెనక్కి వచ్చింది. వీధరుగు మీద నుంచి కేక వినిపించింది.

"ఏమ్మాయ్, చప్పుడేది?"

"మాత్ర నూరొద్దన్నారు కదా మామయ్యా."

"మాత్ర ఎవరడిగారు? ముప్పై ఏళ్ళు అబద్ధం చెప్పావు, ఇవాళైనా దాన్ని నిజం చెయ్యి. యాలకులు నూరు."

ఆమె డబ్బా దించి చూసింది. ఆ ఇంట్లో ఒక్క యాలక్కాయ లేదు. చెప్పులేసుకుని కొట్టుకు బయల్దేరింది.