మాడుచెక్క గుమ్మం

శుక్రవారం దిగి ఆదివారం ఎగిరిపోయేవాళ్ళతోనే నా బతుకు గడిచిపోతోంది. రోమ్‌లో మా యూదుల వాడను తిప్పి చూపించడం నా పని. రెండు వేల ఏళ్ళుగా ఇక్కడే పాతుకుపోయిన వాళ్ళం. వచ్చినవాళ్ళకేమో అదంతా మధ్యాహ్న భోజనంలోపు అయిపోవాలి. ప్రార్థనా మందిరం ముందు నిలబెట్టి గొంతు చించుకుని చెప్తుంటే, మధ్యలో చిల్లున్న రొట్టె ఎక్కడ దొరుకుతుందని అడుగుతారు. అది మాది కాదు మహాప్రభో, వేరే దేశపు యూదులదంటే, నేనేదో దాచిపెట్టినట్టు చూస్తారు.

వీళ్ళు చాలరన్నట్టు మా పెద్దమ్మ ఎర్మెలిందా. మా అమ్మకు అక్క. పొద్దున్నే మడత కుర్చీ తెచ్చి వీధిలో ఒక పాత గుమ్మానికి అడ్డంగా వేసుకుంటుంది. అది ఆమె ఇల్లు కూడా కాదు, ఆమె ఇల్లు వీధి చివర. ఖాళీగా తాళం పడి ఉన్న ఇంటి ముందు ఈ కాపలా ఏమిటని అడిగితే "ఇక్కడైతే గాలొస్తుందిరా" అంటుంది. ఆ సందులో గాలి ఆడగా నేనెప్పుడూ చూడలేదు. ఒళ్ళో కూరకని ఆర్టిచోక్ మొగ్గలు పెట్టుకుని, ముదురు రేకులు కోసి పారేస్తూ, వచ్చేపోయేవాళ్ళందరినీ తిడుతుంది. ఎవరైనా కెమెరా ఎత్తితే, "ఫొటో ఎందుకయ్యా? నేనేమన్నా విరిగిన స్తంభాన్నా?" అంటుంది. దాంతో నా గుంపు నవ్వుల్లో పడి నా మాట వినడం మానేస్తుంది.

ఆ శుక్రవారం నా గుంపులో హొరాసియో అనే ఆయన ఉన్నాడు. బ్యూనస్ ఎయిర్స్‌లో పుట్టి పెరిగిన మనిషి, నలభై దాటి ఉంటాయి. అందరూ వెళ్ళిపోయాక కూడా ఆయన కదల్లేదు.

"మా అమ్మ ఇక్కడి మనిషేనండీ. వర్జీనియా దీ వెరోలి. పోయిన చలికాలంలో పోయింది. నా బదులు నువ్వెళ్ళి మా గుమ్మం తాకి రా అంది. ఆ ఇల్లెక్కడో చెప్తారా? రేపు పొద్దున్నే నా విమానం."

పెద్దమ్మ చేతిలో కత్తి ఆగలేదు. "ఏ వర్జీనియా? ఈ వాడలో దీ వెరోలీ అని కేకేస్తే పిల్లులు కూడా తిరిగి చూస్తాయి."

నిజమే. మా ఇంటిపేర్లు నాలుగైదుకు మించవు. పిల్లలకు పెట్టేవీ నానమ్మల పేర్లే. అందుకని మాలో ఎగతాళి పేరే అసలు పేరు. మమ్మల్ని 'ఉప్పులేనివాళ్ళు' అంటారు. ఎందుకో మా తాతకే తెలియదు. గోడకంటించే చావు కబురులో కూడా ఆ పేరు పడకపోతే పోయిందెవరో తెలియక జనం తలలు పట్టుకుంటారు.

"ఇంటిపేరు కాదు బాబూ, మీ అమ్మను ఏమని పిలిచేవాళ్ళు?" అంది పెద్దమ్మ.

ఆయన మొహం ఎర్రబడింది. "అలాంటివేం లేవండీ. మా అమ్మ చాలా గౌరవంగా బతికిన మనిషి."

"అయితే ఇక్కడి మనిషి కాదు. పో, మ్యూజియం చూసుకో."

ఇక నా ఖర్మ మొదలైంది. ఆయన్ని వెంటేసుకుని వాడంతా తిరిగాను. కసాయి కొట్లో అడిగితే ముగ్గురు వర్జీనియాల పేర్లు చెప్పారు. ఒకావిడ ఇంకా బతికే ఉంది. "నేను పోయానని ఏ వెధవ చెప్పాడ్రా?" అని మా మీద తలుపు వేసింది. "ఆ ఎగతాళి పేరేదో చెప్పి చావండి సార్" అని బతిమాలాను. ఆయన నోరు విప్పడు. మనిషి మంచివాడే, కానీ అంత మొండిని నేను చూడలేదు.

సాయంత్రమైంది. చీకటితో మొదలయ్యే మా విశ్రాంతి దినం, సబ్బాతు, దగ్గరపడి కొట్ల షట్టర్లు దిగుతున్నాయి. చీకటి పడితే మా వాళ్ళెవరూ వీధిలో ఉండరు. పెద్దమ్మ కుర్చీ మడవబోతోంది. అప్పుడొచ్చి ఆమె ముందు వంగాడు హొరాసియో. కళ్ళలో నీళ్ళు.

"నా భార్యకు కూడా చెప్పనని అమ్మ ఒట్టు వేయించుకుంది. ఆమెను... మాడుచెక్క అనేవాళ్ళట."

పెద్దమ్మ మళ్ళీ కూర్చుండిపోయింది.

బేకరీ పళ్ళేలకు అంటుకున్న మాడు గీక్కుని తినే పిల్ల. ఫాసిస్టు సర్కారు యూదుల పిల్లల్ని బడి నుంచి వెళ్ళగొట్టిన తర్వాతి ఏడు, ఓడెక్కి కుటుంబంతో పోయిన పిల్ల. ఆ కథ నాకు తెలుసు. పేరు మాత్రం ఇదొక్కటే తెలుసు. పెద్దమ్మకూ అంతే. తొమ్మిదేళ్ళ పిల్లలు ఒకరినొకరు ఇంటిపేర్లతో పిలుచుకుంటారా?

"పొద్దున్నుంచీ నోట్లో ఏం పెట్టుకున్నావురా, గాడిదా!" అని అరిచింది పెద్దమ్మ. తల ఎత్తి వీధి అదిరేలా కేకేసింది: "ఎల్వీరా! కిటికీ తియ్యి! మాడుచెక్క వచ్చింది!"

పైన ఒక కిటికీ తెరుచుకుంది. తర్వాత ఇంకొకటి, ఎదురింట్లో మూడోది. ముసలి తలలన్నీ బయటికొచ్చాయి.

"ఏదీ? ఎక్కడే?" అంది ఎల్వీరా, ముందుకు వంగి.

పెద్దమ్మ హొరాసియో మొహంలోకి చూసింది. పోయిన చలికాలం అన్న మాట అప్పుడు తగిలినట్టుంది ఆమెకు.

"అదెక్కడొస్తుంది? కొడుకుని పంపింది," అంది. "సాయంత్రం వస్తాను, ఈ గుమ్మంలోనే ఉండవే అని చెప్పి పోయింది. ఏనాడు మాట మీద నిలబడింది గనక!"

లేచి, తన వెనకున్న గుమ్మం ముందు నుంచి కుర్చీ పక్కకు లాగింది. రంగుల పొరల కింద, కుడి ద్వారబంధం మీద, మా వాళ్ళు ప్రతి గుమ్మానికీ బిగించే, దేవుడి మాట ఉంచే డబ్బీ ఊడదీసిన చిన్న గుంట కనబడింది.

"తాకు," అంది. "త్వరగా. చీకటి పడుతోంది."