మెట్లు తీసిన వీధి

యానాం నుంచి ఉద్యోగం మీద పుదుచ్చేరి వచ్చిన కొత్తలో లాస్‌పేటలో ఒక ఇంటి వెనక వాటా అద్దెకు తీసుకున్నాను. పట్టణంలో రోడ్లకూ కాలువలకూ ప్లాన్లు గీసే ఆఫీసులో పని. ముందు వాటాలో ఇంటావిడ ఒక్కతే ఉండేది. తరతరాలుగా ఇక్కడే ఉన్న తెలుగు కుటుంబం వాళ్లది. నేను పిన్నిగారూ అనేదాన్ని, ఆవిడ నన్ను పాపా అనేది.

ఆ ఏడు తుపాను వానకి నీళ్లు ఇంట్లోకి వచ్చేశాయి. ఇద్దరం ఆవిడ మంచం మీద కాళ్లు ముడుచుకుని కూర్చున్నాం. నీళ్లు తగ్గాక పరుపులు పారేశాం, గోడలకు బూజు పట్టింది. అయితే వీధి చివరి పెద్ద కాలువ మాత్రం ఆ రోజు నిండనే లేదు. మా నీళ్లు అక్కడిదాకా పోయే దారి లేదు. ఇళ్ల ముందు చిన్న కాలువ మీద ప్రతివాళ్లూ మెట్లూ, బండి ఎక్కించే వాలూ సిమెంటుతో కట్టేసుకున్నారు. కింద పేరుకున్న పూడిక తీయడానికి సందు లేదు.

ఆ కాలువ తెరిచే ప్లాను గీసే పని నాకే వచ్చింది. పిన్నిగారి మెట్లు కూడా పోవాలి. నోటీసు రాకముందే నా నోటితో చెప్పడం మంచిదనిపించింది. సాయంత్రం ఆవిడ ఆ మెట్ల మీదే కూర్చుని పూలు కడుతుంటే చెప్పాను. ఆవిడ కట్టడం ఆపకుండానే అంది.

"నీళ్లు వచ్చేది ఏడాదికి ఒక తూరి పాపా. మెట్లు నాకు దినామూ కావాల. ఈ మోకాళ్లతో నేను యాడ దిగేది?"

తర్వాత కొన్నాళ్లు నాతో ముభావంగా ఉంది. కూర చేస్తే గిన్నెలో పెట్టి ఇచ్చేది, అదీ మానేసింది. నాకు బాధేసింది కాని, ఆవిడ అడిగినదాంట్లో తప్పేమీ కనిపించలేదు. మా ఇంజనీరుగారికి చెప్పాను. ఆయన విసుక్కోకుండా ఒక ఉదయం వచ్చారు. దిగి చూపించమని అడిగితే పిన్నిగారు గోడ పట్టుకుని, ఒక్కో మెట్టు మీదా రెండు కాళ్లూ ఆనించి దిగింది. ఎత్తు తక్కువ మెట్లు గేటు లోపలికి జరిపి, పక్కన పట్టుకునేందుకు కమ్మీ పెట్టి, కాలువ మీద ఎత్తి తీయగలిగే ఇనుప జల్లెడ వేద్దామన్నారు. ఆవిడ గేటు లోపలి జాగా వంక చూసి అంది.

"సరే, ముందు నావే తీయండి. చూసినాక అడిగేవాళ్లు అడుగుతారు."

అలాగే జరిగింది. కొత్త మెట్లు చూడటానికి ఇరుగుపొరుగు వచ్చారు. ఒకరు స్కూటరు ఎలా ఎక్కుతుందన్నారు, ఇంకొకరు జల్లెడలో పిల్లల కాళ్లు ఇరుక్కోవా అన్నారు. దాంతో స్కూటర్లున్నవాళ్లకి గేటు లోపలే వాలు పెట్టించి, జల్లెడ కన్నాలు చిన్నవి చేయించాం. పిన్నిగారు ఇంటింటికీ వెళ్లి తమిళంలో మాట్లాడి ఒప్పించింది. ఒక్క ఇంటివాళ్లు మాత్రం ససేమిరా అన్నారు. వాళ్ల వాలు ఇప్పటికీ అలాగే ఉంది. దాని కింద చెత్త చిక్కుకుంటూనే ఉంటుంది, పొడుగాటి కర్రతో లాగాల్సిందే.

మరుసటి ఏడు మళ్లీ తుపాను హెచ్చరిక వచ్చింది. బడులకు సెలవిచ్చారు. తెల్లారేసరికి వీధిలో పిక్కల లోతు నీళ్లున్నాయి. అవి గడప దాకా వచ్చి అక్కడే ఆగాయి. మధ్యాహ్నానికి రోడ్డు బయటపడింది. పిన్నిగారు రసం కాచి నన్ను పిలిచింది. ఇద్దరం నేల మీదే కూర్చుని తిన్నాం, పొడి నేల మీద.

వానలు తగ్గాక పక్క వీధి ప్లాను మొదలైంది. కొలతలకి బయల్దేరుతుంటే పిన్నిగారు చెప్పులేసుకుని నాతో వచ్చింది. మొదటి ఇంటాయన గేటు తీయకుండానే కుదరదన్నాడు. ఆవిడ కోపగించుకోలేదు. తన ఇల్లెక్కడో, అందులో నీళ్లు ఎంతవరకు వచ్చేవో, ఈసారి ఎక్కడ ఆగాయో నిదానంగా చెప్పుకుంటూ పోయింది. కాసేపటికి ఆయన గేటు తీసి, ఆవిడకి కుర్చీ వేశాడు.