పందెం కోళ్ళకో చోటు

మొన్న శుక్రవారం వాన వెలిశాక నందిగామ కోర్టు వరండాలోకి అడుగుపెట్టగానే తడిసిన ఈకల వాసన తగిలింది. గోడవార గంప కింద ఒక పందెం కోడి. దానికి కాపలా ఉన్న కానిస్టేబుల్ బెంచీ మీద కునుకు తీస్తున్నాడు. కేసు కట్టలో ఏ కాగితం కోసం వెతుకుతున్నానో మరిచిపోయాను. ఆ వాసన వస్తే నాకు మా సీనియర్ సుగుణ మేడం గుర్తుకొస్తారు. ఆవిడ పోయి నాలుగేళ్ళయింది.

జగ్గయ్యపేట నుంచి రోజూ బస్సులో వచ్చి ఆవిడ దగ్గర జూనియర్‌గా పనిచేసేదాన్ని. చేరిన కొత్తలో నన్ను కంగారుపెట్టింది ఒకటే, ఆవిడ కూర్చునేవారు కాదు. పొలం పంపకాల దావాలకు డిక్టేషన్ చెబుతూ ఆ గోడకూ ఈ గోడకూ తిరిగేవారు. మధ్యలో ఆగి, ఏదో పాత కాగితం వెనక్కి తిప్పి గబగబా గీతలు గీసేవారు. వీరులపాడు దగ్గర తన వాటాకు వచ్చిన రెండెకరాల రాతినేలకు ప్లాను అది. ఎవరికీ అక్కర్లేని జంతువులకు అక్కడ ఆశ్రయం ఇవ్వాలని, ఊరి రొదతో విసిగినవాళ్ళు వచ్చి రెండు రోజులు చెట్ల మధ్య ఉండేందుకు గదులు కట్టాలని ఆవిడ కోరిక. ఒక వారం నీటిగుంట తూర్పున ఉండేది, మరుసటి వారం పడమటికి మారేది. నిజానికి అక్కడ నాలుగు వేపచెట్లు, ఒక బావి తప్ప ఏమీ లేవు. ఆవిడ పెళ్ళి చేసుకోలేదు. ఇల్లూ సంసారమూ లేని తీరిక ఇలా బయటపడుతోందని మొదట్లో తేలిగ్గా తీసుకున్నాను. ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

పోలీసులు పందేలలో పట్టుకున్న కోళ్ళను కోర్టులో వేలం వేస్తారు. పాడుకున్నవాళ్ళలో కొందరు వాటిని మళ్ళీ బరిలోకే తీసుకుపోతారని అందరికీ తెలుసు. ఒకరోజు మేడం వాదన ముగించుకుని, నల్లకోటు కూడా విప్పకుండా వెళ్ళి వేలంలో నిలబడ్డారు. ఆ రోజు వేలానికి వచ్చిన ఆరు కోళ్ళనూ పాడేశారు. ఆవిడతో పోటీపడి ఊరుకున్నాయన మర్యాదగానే అడిగాడు.

"కూరకా మేడంగారూ?"

"కాదండి, బతకటానికి."

ఆ సాయంత్రమే ఆటోలో వీరులపాడు వెళ్ళాం. పొలానికి కాపలా ఉండే కోటయ్య బావి దగ్గర నీళ్ళు తోడుతున్నాడు. అతను వచ్చేదాకా ఆగకుండా ఆవిడే ఒక్కొక్క కోడి కాలి తాడు విప్పి వదిలేశారు. వేపచెట్ల కింద అవి హాయిగా తిరుగుతుంటే చూడాలని ఆవిడ ఆత్రం. నిమిషం కూడా పట్టలేదు. మెడ ఈకలు నిక్కించుకుని ఒకదానిమీద ఒకటి పడ్డాయి. కోటయ్య గోనెసంచి పట్టుకుని పరుగెత్తుకొచ్చి విడదీసేలోపు ఒకటి చచ్చిపోయింది.

"వాటిని పెంచిందే దానికమ్మగారూ. ఒకదాని కంట ఇంకోటి పడగూడదు," అన్నాడు అతను ఆయాసపడుతూ.

మేడం రాయి మీద కూర్చుండిపోయారు. అంతసేపు ఒకచోట కూర్చోగా ఆవిడను అదే మొదటిసారి చూడటం. చీకటి పడుతుండగా, "తాడు విప్పితే చాలనుకున్నా శైలజా," అన్నారు.

మర్నాటి నుంచి తడికలు కట్టించడం మొదలైంది. అయిదు కోళ్ళకు అయిదు గదులు, ఒకదానికి ఇంకొకటి కనపడకుండా. రోజూ వంతులవారీగా ఒక్కొక్క దాన్నే బయటికి వదలాలి. కోర్టు పని కాగానే ఆవిడ నన్ను వెంటబెట్టుకుని వీరులపాడు బయలుదేరేవారు. ఆవిడ కలగన్న ఆశ్రయం ఇది కాదు. అయినా వదల్లేదు. రేకులతో రెండు గదులు కూడా వేయించారు. మొదటి అతిథులుగా విజయవాడ నుంచి ఒక జంట వచ్చింది. పొద్దున గాలి బాగుందన్నారు, వేపచెట్లు బాగున్నాయన్నారు. పదకొండు గంటలకు ఆ భర్త తడికల వైపు చూసి, మధ్యాహ్నానికి నాటుకోడి పులుసు చేయిస్తారా అని అడిగాడు. మేడం దోసకాయ పప్పు వడ్డించారు. సాయంత్రం కాకముందే వాళ్ళు కారెక్కారు. ఆ రోజు ఆవిడ నవ్వారు గానీ, తిరుగు బస్సులో ప్లాను కాగితం బయటికి తీయలేదు.

ఆ తరువాతి ఏడాది ఆవిడకు గుండె జబ్బు బయటపడింది. డాక్టరు ప్రయాణాలు మానమన్నారు. చూడటానికి వెళితే మంచం మీద కూడా కాళ్ళు కదుపుతూనే ఉన్నారు.

"ఆ పొలం నువ్వు చూసుకుంటావా?"

అప్పుడు నేను జడ్జి పోస్టు పరీక్షకు చదువుతున్నాను. "చూద్దాం మేడం," అన్నాను.

ఆవిడ నా ముఖంలోకి చూశారు. "చూద్దాం అంటే వాయిదా కదే," అన్నారు మెల్లగా. కోపంగా కాదు. మళ్ళీ ఎప్పుడూ అడగలేదు. మూడు నెలలకు పోయారు.

పెద్దకర్మ అయిన వారానికి వీరులపాడు వెళ్ళాను. పొలం ఆవిడ తమ్ముళ్ళ చేతికి వచ్చింది, అప్పటికే ప్లాట్ల రాళ్ళు పాతుతున్నారు. కోటయ్య అప్పటికి బతికున్న మూడు కోళ్ళను తన ఇంటికి తీసుకుపోయి, మేపలేక రెండింటిని ఎవరికో ఇచ్చేశాడు.

"మీరొస్తారని చూశానమ్మా," అన్నాడు. ఎవరికిచ్చావని అడిగే ధైర్యం నాకు లేకపోయింది. చివరి కోడిని తెచ్చి జగ్గయ్యపేటలో మా డాబా మీద పెట్టుకున్నాను. రెండేళ్ళు బతికింది. పరీక్ష నేను పాసవలేదు. అయి ఉంటే మనసు కుదుటపడేదా అంటే, పడేదని చెప్పలేను.

అప్పటి నుంచి ఆదివారం వస్తే ఇంట్లో ఉండలేను. స్కూటరేసుకుని పొలాలు చూడటానికి పోతాను. ఒకచోట నీళ్ళుండవు, ఒకచోట దారి ఉండదు, అన్నీ ఉన్నచోట యజమాని ఒప్పుకోడు. మావారు మొదట అడిగేవారు, ఇప్పుడు అడగటం మానేశారు. మేడం ఆస్తి ఏదీ నాకు రాలేదు గానీ, ఆవిడ కాళ్ళలోని ఆ కుదురులేనితనం మాత్రం వచ్చింది.

ఆ శుక్రవారం తరువాతి ఆదివారం చెవిటికల్లులో, కృష్ణ ఒడ్డుకు దగ్గరగా, ఒక రైతు ఎకరం కౌలుకిస్తానన్నాడు. మిరప వేస్తారా, పత్తి వేస్తారా అని అడిగాడు. పంట కాదని, ఎవరికీ పనికిరాని జంతువులను పెట్టుకుంటానని ఉన్నదున్నట్టు చెప్పాను. నవ్వుతాడనుకున్నాను. ఆయన తలగుడ్డ విప్పి భుజాన వేసుకున్నాడు.

"మా ఇంట్లో గుడ్డిగేదె ఒకటుందమ్మా. అమ్మబుద్ధి కాటల్లేదు. దాన్ని కూడా ఉంచుతారా?"

అక్కడ కంచె లేదు, పాక లేదు, నీళ్ళతొట్టి కూడా లేదు.

"రేపు తోలుకురండి," అన్నాను.