అక్షరం ఆగాలన్న ఖాజా అన్న

పాత కంప్యూటరు మీద వీడియో తయారవుతున్నప్పుడు లోపలి ఫ్యాను ఒక వేడి దుమ్ము వాసన విసురుతుంది, మాడీమాడని జొన్నరొట్టెలాగా. ఎమ్మిగనూరులో నా గదిలో ఆ వాసన వచ్చినప్పుడల్లా ఖాజా అన్న గుర్తొస్తాడు. ఇందులో కవిత్వమేమీ లేదు. ఫ్యాను తుడవమని ఆయన చెప్పిన మాట నేను ఇంకా వినలేదు, అంతే.

ఆదోనిలో పత్తి మార్కెట్టుకు పోయే దారిలో ఉండేది ఆయన వీడియో మిక్సింగ్ దుకాణం. బోర్డు మీద స్టూడియో అని ఉండేది గానీ, ముందు జిరాక్స్ మిషను, వెనక మేమిద్దరం, మధ్యలో ఒక పరదా. డిగ్రీ ముగించి, చేతిలో పని లేక, నోట్లో మాత్రం బోలెడు జోకులతో అక్కడ చేరాను. పెళ్లి వీడియోల్లో పేర్లు వేయడం నా పని. వధువు పేరు తామరపువ్వులోంచి పుట్టి, మూడు పల్టీలు కొట్టి, వరుడి పేరును గుద్దుకొని మాయమయ్యేది. ఖాజా అన్న కళ్లద్దాలు నుదుటి మీదికి తోసి, “పెండ్లా, లారీ యాక్సిడెంటా అప్పా ఇది?” అనేవాడు. ప్రతి పేరూ పైకి చదివేవాడు. ఆయన చదవడం పూర్తయ్యేదాకా పేరు తెర మీద నిలవాలి, లేకపోతే మళ్లీ చేయాలి. ఏడో తరగతితో బడి మానేసిన మనిషి కాబట్టి ఇలా సతాయిస్తున్నాడని నాకు లోలోపల ఒక చిన్న అహంకారం. చిన్నదేమీ కాదు లెండి.

ఫోన్లు వచ్చాక పెళ్లివాళ్లు రావడం తగ్గింది. “ఈ దుకాణం నాతోపాటే ముసలిదైపోయింది. నువ్వు బెంగళూరోళ్లకు రాసుకోప్పా” అన్నాడు ఒకరోజు ఆయనే. రాశాను. అక్కడి కంపెనీ ఒక పరీక్ష పెట్టింది: సైన్సు వాసన తగిలే ఒక బ్రాండును ఊహించుకొని, బొమ్మలు లేకుండా, తెలుగు అక్షరాలతోనే ముప్పై సెకన్ల ప్రచార వీడియో చేయాలి. నేను ‘కక్ష్య’ అని ఒక చేతిగడియారాల కంపెనీ పెట్టాను. పెట్టుబడి లేదు, గడియారమూ లేదు. “భూమి ఆగదు, చంద్రుడు ఆగడు, కాలం ఆగదు” అంటూ తొమ్మిది వాక్యాలు రాసి, అక్షరాలన్నింటినీ గ్రహాల్లా గిరగిరా తిప్పాను. వారం పట్టింది. ఈ ఉద్యోగం పోతే జిరాక్స్ మిషనే గతి అని తెలిసి చేసిన పని.

అది పూర్తయిన రోజు కోసిగి నుంచి ఈరమ్మ అనే ఆమె కూతురి పెళ్లి వీడియో పెన్‌డ్రైవ్‌లో వేయించుకోవడానికి వచ్చింది. మరునాడు ఇంటిల్లిపాదీ కూలికి గుంటూరు వైపు మిరపకాయలు తెంపడానికి పోతున్నారట. పొదుపు సంఘంలో సంతకంతో మొదలుపెట్టి, కూడబలుక్కొని చదవడం దాకా వచ్చిన మనిషి. ఖాజా అన్న ఆమెను తెర ముందు కూర్చోబెట్టాడు. “ఏం రాసినాడో సదివి సెప్పమ్మా.”

ఈరమ్మ తెరకు ఎదురుగా గాల్లో వేలు పెట్టింది. “భూ... మి...” అనేలోగా నా భూమి ఏడు చుట్లు తిరిగి అణువులైపోయింది. రెండోసారి వేశాను. మళ్లీ అంతే. ఆమె కొంగు సర్దుకొని తల దించుకుంది. “నాకు సదువు తక్కువ నాయనా. నీది బాగానే ఉంటాదిలే.”

నా దగ్గర జోకు సిద్ధంగానే ఉంది. అన్న ముఖం చూసి మింగేశాను. ఆమె వెళ్లాక ఆయన మెల్లగా అన్నాడు. “సూసినావా? తప్పు నువ్వు సేసినావు. సిగ్గు ఆమె పడింది.”

“ఆమె గడియారం కొంటుందా అన్నా?”

“లేని గడియారం ఎవురు కొంటారప్పా?”

“భూమి ఆగదని రాసి, అక్షరాలు ఆపితే ఎట్ల?”

“భూమి ఆగకపోతే పోనీ. అక్షరం ఆగాల.”

రెండు రోజులు కూర్చున్నాం. ఆయన చదువుతుంటే నేను ఆ నిడివికి అక్షరాలను సర్దాను. తొమ్మిది వాక్యాల్లో మూడే మిగిలాయి. నల్లటి తెర మీద ‘భూమి’ అన్న మాట, మధ్యాహ్నం నీడ జరిగినంత నెమ్మదిగా జరిగింది. బాగుందని నాకు తెలుసు. పైకి అనలేదు.

పంపింది మాత్రం పాతదే. నిదానంగా ఉంటే బెంగళూరోళ్లు వద్దంటారేమోనని భయమేసింది. పది రోజులకు ఉద్యోగం వచ్చింది.

“మనదేనా పంపింది?” అని అడిగాడు అన్న.

“మనదే అన్నా.”

వీధిలో అందరికీ ఉగ్గాని, బజ్జీ తెప్పించాడు. పొట్లం అందిస్తూ ప్రతివాడికీ “నిదానంగా సేసినాడు, గెలిసినాడు” అని చెప్పాడు. నా బజ్జీ నేనూ తిన్నాను. గొంతులో అడ్డం పడుతుందనుకున్నాను గానీ, సాఫీగానే దిగింది. అబద్ధాలకు ఆ సౌకర్యం ఉంది.

మరుసటి ఏడాది గుండెపోటుతో ఆయన పోయాడు. ఖబరస్తాన్‌లో నేనూ మూడు గుప్పిళ్ల మట్టి వేసి పక్కకు వచ్చాను. ఎవరో పెద్దాయన భుజం తట్టాడు. “నిదానంగా సేసి బెంగళూరు ఉద్యోగం కొట్టిన పిల్లోడివి నువ్వేనా? ఖాజా యాడ కూసున్నా నీ మాటే సెప్తుండె.”

ప్రతిదానికీ ఒక ఎగతాళి అట్టిపెట్టుకునే నాకు ఆ క్షణాన ఒక్క మాటే దొరికింది. “అవును” అన్నాను.

ఇప్పుడు ఇంటినుంచే ఆ కంపెనీకి పనిచేస్తున్నాను. నేను పంపే వీడియోల్లో అక్షరాలు కాస్త ఎక్కువసేపే ఉంటాయి. మా టీమ్ లీడరు కోసేస్తాడు. నేను మళ్లీ అతికిస్తాను. మొండివాణ్ణని పేరొచ్చింది. నేను వాదించను. ఆ పెద్దాయనకు నేను చెప్పిన ‘అవును’ ఇంకా నిజం కావలసి ఉంది.