బాబాయి కోసం దాచిన ఫైనల్

జలుబుతో చిరాకుపడ్డ పాప ఇప్పుడే నిద్రపోయింది. ఒళ్ళు వెచ్చబడిందేమోనని మాటిమాటికీ నుదురు ముట్టుకుంటూనే ముందుగదిలోకి తొంగిచూస్తే, మావారు యూరప్ క్లబ్బుల ఫుట్‌బాల్ ఫైనల్ చూస్తున్నారు, అదీ ఎవరు గెలిచారో ఫోన్‌లో తెలిసిపోయాక. మా బాబాయి ఉంటే ఈ వింత ఒప్పుకునేవాడు కాదు.

తొంభైల చివరి మాట. మేము బందరులో ఉండేవాళ్ళం, నేను ఆరో తరగతి. బాబాయి బస్సు డ్రైవరు. కాలేజీ ఫుట్‌బాల్ జట్టులో ఆడినవాడేమో, ఊరంతా క్రికెట్ అని కొట్టుకుంటుంటే తను మాత్రం ఎక్కడో యూరప్‌లో ఆడే ఎర్ర చొక్కాల జట్టు మీద ప్రాణం పెట్టుకున్నాడు. ఆ యేడు ఆ జట్టు ఫైనల్‌కొచ్చింది. సరిగ్గా ఆ రాత్రే బాబాయికి దివిసీమ చివరి ఊరికి వెళ్ళి రాత్రికి అక్కడే ఆగే నైట్ హాల్ట్ డ్యూటీ పడింది. అక్కడ కేబుల్ లేదు. మర్నాడు మధ్యాహ్నం మళ్ళీ వేస్తారని తెలిసి, వచ్చి చూసేదాకా ఎవరూ నోరు విప్పకూడదని ఇంటిల్లిపాదితో, ఇరుగుపొరుగుతో ఒట్టు వేయించుకుని మరీ వెళ్ళాడు. ఆ బస్సు కండక్టరు, మేము మావయ్య అని పిలిచే ఆయన, అవతలి జట్టు వైపు. ఓడినవాడు మీసం తీసెయ్యాలని ఇద్దరికీ పందెం.

పొద్దున్నే తిరుగు బస్సులో చల్లపల్లి దగ్గర, రాత్రి ఆట చూసినవాళ్ళు ఎక్కారట. మావయ్య టిక్కెట్లు కొడుతూనే ఒక్కొక్కరి చెవిలో ఒట్టు సంగతి చెప్పి, డ్రైవరు చెవిన ఫలితం పడనివ్వొద్దని బతిమాలుకున్నాడట. బందరు చేరేసరికి బస్సులో అందరికీ ఫలితం తెలుసు, నడిపేవాడికి తప్ప.

మధ్యాహ్నం మా ముందుగది నిండిపోయింది. అందరూ ఆట ఫలితం తెలిసినవాళ్ళే, బాబాయి మొహం చూడ్డానికి వచ్చినవాళ్ళే. మొదట్లోనే అవతలివాళ్ళు గోల్ కొట్టారు. ఇక అక్కణ్ణించి బాబాయి అన్నం ముద్ద ముట్టలేదు. ఆట ముగియవచ్చింది, ఎర్ర చొక్కాలవాళ్ళు ఒక్క గోలూ కొట్టలేదు, ఇంతలో కరెంటు పోయింది.

ఇంకేముంది, అయిపోయిందన్నాడు బాబాయి. ఒట్టు వేశాం కనుక ఎవరూ నోరెత్తలేదు. నాన్న పైకప్పు చూస్తున్నాడు, అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. బాబాయి లేచి వసారాలో అద్దం ముందు నిలబడి మొహానికి సబ్బు పూసుకున్నాడు.

"పందెం పందెమే కదా బావా," అన్నాడు కండక్టరు మావయ్య, తన మీసం మీద చెయ్యి అడ్డం పెట్టుకుని.

బాబాయి బ్లేడు పైపెదవి దాకా తెచ్చేసరికి నానమ్మ ఆగలేకపోయింది. ఫుట్‌బాల్ అంటే ఏమిటో కూడా ఆవిడకి తెలియదు.

"గడ్డం గీసుకోరా, మీసం జోలికి పోకు."

బాబాయి వెనక్కి తిరిగి ఆవిణ్ణి చూశాడు, తర్వాత మావయ్య చేతికింద దాక్కున్న మీసాన్ని చూశాడు. ఇక ఎవరూ ఆగలేదు, అందరూ ఒక్కసారే చెప్పడం మొదలుపెట్టారు. ఆట ఆఖర్న అదనంగా కలిపిన ఆ కాస్త సమయంలోనే ఎర్ర చొక్కాలవాళ్ళు రెండు గోల్స్ కొట్టి కప్పు ఎత్తుకుపోయారు. ఆ రెండు గోల్సూ ఎలా పడ్డాయో, ఓడిన మావయ్యే వీధిలో మా కొబ్బరిపీచు బంతితో ఆడి చూపించాడు. బాబాయి నురగ మొహంతోనే గంతులేశాడు. అదే సబ్బుతో మావయ్య మీసం పోయింది. వారం పాటు ప్రయాణికులు ఆయన్ని కొత్త కండక్టరనుకున్నారు.

ఆ బస్సులోవాళ్ళు మాకు చుట్టాలేం కాదు. అయినా చల్లపల్లి నుంచి బందరు దాకా ఒక మనిషి సంతోషం కోసం నోరు కట్టుకు కూర్చున్నారు. అలా కూర్చోవాలంటే ముందు ఆ మనిషికి ఏదంటే ప్రాణమో తెలిసుండాలి. ఈ అపార్ట్‌మెంట్‌కి వచ్చి మూడేళ్ళయింది, ఎదురింటావిడకి ఏదంటే ఇష్టమో నాకు తెలియదు. అడగాలని ఇవాళే తట్టింది.